బెంగళూరు వ్యాసంలో రెండో మనిషి

నా ఉద్యోగం లోపాలు పట్టడం. రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో సెల్‌ఫోన్లకు వేసే బోర్డులు తయారవుతాయి. అవి నా టేబుల్ మీదికి వచ్చినప్పుడు భూతద్దం కింద పెట్టి చూస్తాను. టంకం సరిగా పడని చోట ఎర్ర చుక్క అంటిస్తాను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివిన చిత్తూరు కుర్రవాడికి ఇది మంచి ఉద్యోగమే. కాకపోతే పగలంతా తప్పులు వెతికిన కన్ను గదికి వచ్చాక కూడా ఊరుకోదు. హోటల్ బోర్డులో, బస్సు అద్దం మీద, పెళ్ళిపత్రికలో ఎక్కడ తప్పున్నా నాకు అదే ముందు కనబడుతుంది. మా అమ్మ దీన్ని రోగం అంటుంది.

ఆ రోగానికి తగిన చోటు ఇంటర్నెట్‌లో దొరికింది. ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల తెలుగు విజ్ఞాన సర్వస్వం అది. జీతం లేదు, పై అధికారి లేడు. ఒకసారి బెంగళూరు వెళ్ళే పని పడి, ఆ ఊరి గురించి అందులో ఏముందో చూద్దామని తెరిచాను. చూశాక ప్రయాణం సంగతి పక్కకు పోయింది.

ఎవరో ఇంగ్లీషు వ్యాసాన్ని యంత్రం చేత తెలుగు చేయించి, అలాగే అతికించి వెళ్ళిపోయారు. నేను కాగితం తీసుకుని లోపాలు రాయడం మొదలుపెట్టాను. వాతావరణం పట్టిక రెండుసార్లు ఉంది, రెండింటిలోనూ అంకెలు వేరు. జనాభా పై పేరాలో ఒకటి, కింది పేరాలో ఇంకొకటి. ఎప్పుడో దిగిపోయిన మేయరు ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. మెట్రో రైలు త్వరలో నడవబోతోంది. గుళ్ళ విభాగంలోకి మైసూరు గుడి ఒకటి వచ్చి కూర్చుంది. ఒక వాక్యానికి క్రియ లేదు, దాని పక్క వాక్యానికి మూడున్నాయి. కాగితం ఒక పక్క నిండిపోతే వెనక్కి తిప్పాను. మా జిల్లాలో బెంగళూరులో చుట్టమో స్నేహితుడో లేని ఇల్లుండదు. అలాంటి ఊరి గురించి మన భాషలో ఉన్నది ఇదా అని నిజంగానే దిగ్భ్రమ కలిగింది.

ఆ వారమంతా కొట్టివేతలే. మూలం లేని వాక్యం కనబడితే తీసేయడం అక్కడి నియమం. పుస్తకమో పత్రికో ఏదో ఒకటి చూపించాలి, చూపించలేకపోతే ఆ వాక్యం నిలవదు. నగరంలోని చెరువుల గురించి పెద్ద విభాగం ఉంది, ఒక్క మూలమూ లేదు. మొత్తం తీసేశాను. మర్నాడు చూస్తే అది తిరిగి వచ్చి ఉంది. ఈసారి భాష వేరు, శుభ్రంగా ఉంది, ప్రతి వాక్యం వెనకా మూలం, పుట సంఖ్యతో సహా. మార్పు చేసినవాళ్ళు ఎందుకు చేశారో ఒక వరుసలో రాసే చిన్న గడి ఉంటుంది. అందులో ఇలా ఉంది: "మూలం లేదని తీసేశారు. ఇదిగో మూలం. మూలం లేనిదీ అబద్ధమూ ఒకటి కావు."

నాకు చురుక్కుమంది. ఆ తర్వాత సంతోషం వేసింది. తెలుగులో నాకంటే పట్టుదలగా పుట సంఖ్య వేసే మనిషి ఒకరున్నారని అప్పుడే తెలిసింది.

అక్కడ ఎవరూ అసలు పేరుతో రాయనక్కర్లేదు. ఆ మనిషి పెట్టుకున్న పేరు ఒక పిట్ట పేరు, పక్కన ఒక అంకె. దాన్ని బట్టి ఊరూ వయసూ ఏమీ తెలియవు. మాటలన్నీ వ్యాసం వెనక ఉండే చర్చా పేజీలోనే. అది ఎవరైనా చదవగల పేజీ. కొన్ని నెలల్లో పని దానంతటదే రెండుగా చీలింది. పట్టికలు, అంకెలు, మూలాల వరస నావి. చెరువులు, సంతలు, పాత పేటలు, రోడ్ల పక్కన చెట్లు ఆ రెండో మనిషివి. ఏ చెరువును పూడ్చి బస్టాండు కట్టారో, ఏది ఆటస్థలమైందో, దేని గట్టు ఇప్పుడు ఏ రోడ్డు కింద ఉందో అన్నీ ఆధారాలతో రాసేవాళ్ళు.

ఇంత తెలిసిన మనిషి ఎవరై ఉంటారని ఆలోచించి నేనొక రూపం కట్టుకున్నాను. నీటి సరఫరా శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. వరండాలో వాలుకుర్చీ, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు, బల్ల మీద పాత గెజెటీర్లు. మొదటి జాబు నుంచే "సార్" అని రాశాను. వారు ఎప్పుడూ కాదనలేదు. తమ గురించి ఒక్క ముక్క చెప్పేవారు కాదు. ఒకసారి మాత్రం పూల సంత గురించి రాస్తూ, తెల్లవారకముందే అక్కడ కనకాంబరాల గంపలు దిగుతాయని చర్చా పేజీలో అన్నారు. మూలం ఏది సార్ అని అడిగాను.

"నేను చూశాను."

"చూసింది మూలం కాదు సార్."

"తెలుసు. అందుకే వ్యాసంలో పెట్టలేదు, మీకు చెప్పాను."

ఆ జవాబు నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది.

ఆ ఏడాది మా ఇద్దరి గురీ ఒక్కటే. బాగా కుదిరిన వ్యాసాన్ని వారానికొకటి చొప్పున మొదటి పేజీలో పెడతారు. దానికి మిగతా రాసేవాళ్ళు ఒప్పుకోవాలి. చెరువుల విభాగంలో ఇంకో రెండు మూడు పేరాలకు మూలాలు చూపిస్తే ఒప్పుకుంటామన్నారు. ఆ మూలాలు వెతికి పట్టగలిగింది నేను కాదు, ఆ రెండో మనిషే. వారు లేకపోతే వ్యాసం అక్కడే ఆగిపోతుంది.

అప్పుడే తిరుపతిలో ఒక సమావేశం పెట్టాను. చుట్టుపక్కల రాసేవాళ్ళు ఒకచోట కలిసి కూర్చునే మామూలు సమావేశం. బస్టాండుకు దగ్గర్లో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆదివారం మేడమీది గది ఇస్తామన్నారు. వచ్చేవాళ్ళు పేరు రాసుకోవడానికి ఒక పేజీ తెరిస్తే, మూడో వరుసలో ఆ పిట్ట పేరు కనబడింది. "వీలైతే వస్తాను." అంటే వారు ఈ చుట్టుపక్కలే ఉన్నారన్నమాట. నేను ఆనందం పట్టలేక చర్చా పేజీలో వారికి రాశాను: "తప్పక రండి. మిమ్మల్ని చూడాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను." ఈసారి "సార్" అని చేర్చడం మరిచిపోయాను. దానికి జవాబు రాలేదు. ఆ వారం వారి రాత కూడా లేదు.

ఆదివారం పొద్దున ప్రొజెక్టరు బిగించి, గోడ మీద బెంగళూరు వ్యాసం వేసి, సమోసాలు పెట్టుకుని కూర్చున్నాను. మొదట ఇద్దరు డిగ్రీ విద్యార్థులు వచ్చారు. సర్టిఫికెట్ ఇస్తారా అని అడిగారు. ఇవ్వమని తెలిసి, తలా రెండు సమోసాలు తిని వెళ్ళిపోయారు. ఆ తర్వాత మెట్లమీద చెప్పుల చప్పుడు వినబడింది. ముగ్గురు వచ్చారు. ముందు తెల్ల పంచె, తెల్ల చొక్కా, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు వేసుకున్న పెద్దాయన. ఆయన వెనక చేతిసంచీతో ఒక పెద్దామె. ఆమె వెనక నాకంటే నాలుగైదేళ్ళు పెద్దవాడైన ఒకతను.

పెద్దాయన గోడమీద వెలుగుతున్న వ్యాసం వైపు చూసి, ఆ పిట్ట పేరు చెప్పి, ఆ పేరు మనిషి కోసం చూస్తున్నది నువ్వేనా అని అడిగాడు.

కళ్ళజోడు తాడు చూశాక నాకింక అనుమానమేముంది? లేచి ఎదురు వెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాను. మీరు వస్తారో రారోనని నిద్ర లేదు సార్ అన్నాను. ఇంటివాళ్ళను కూడా తీసుకొచ్చినందుకు సంతోషమన్నాను. కుర్చీ లాగి కూర్చోబెట్టాను. ఆయన ఏమీ అనకపోవడం నాకు పెద్దరికంలా తోచింది. దాంతో ఇంకా మాట్లాడాను. సాయంత్రం డ్యూటీ దిగి మీ రాత చూసుకుంటే గానీ అన్నం సహించదన్నాను. మీరు ఒక వారం రాయకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు ఉందన్నాను. మనిద్దరి మధ్య ఉన్నది వట్టి పని సంబంధం కాదు సార్, దానికి పేరు పెట్టలేను అన్నాను. సంచీ పట్టుకున్న ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెనకాయన చెవులు ఎర్రబడటం చూశాను, ఎండలో వచ్చారు కదా అని ఫ్యాను ఆయన వైపు తిప్పాను.

పెద్దాయన నేను ఆగేదాకా ఆగాడు.

"నేను కాదప్పా ఆ మనిషి," అన్నాడు. "అది మా కోడలు, ఇంటికాడ ఉండాది."

నెలల తరబడి నేను కట్టుకున్న వరండా, వాలుకుర్చీ, గెజెటీర్లు అన్నీ ఒక్కసారి పోయాయి. ఇప్పుడే ఈయన చేతులు పట్టుకుని నేనన్న మాటలు ఒక్కొక్కటే వరసగా వెనక్కి వచ్చాయి. ఏ మాట ఎవరి ముందు అన్నానో లెక్క చూసుకున్నాను.

సంగతి ఆయనే చెప్పాడు. వాళ్ళది బంగారుపాళ్యం దగ్గర. మామిడితోటలున్నాయి, కాయలను గుజ్జు తీసే ఫ్యాక్టరీలకు తోలుతారు. కోడలు బెంగళూరులో పుట్టి పెరిగిన పిల్ల, పెళ్ళయి ఇక్కడికి వచ్చింది. కాలేజీలో ఉన్నప్పుడు చెరువుల మీద ఏదో ప్రాజెక్టు చేసిందట, టేపు పట్టుకుని గట్టు గట్టూ తిరిగిందట. ఈ వారం ఆమె ఫోను మోగితే, వెనక నిలబడ్డ ఈ కొడుకు తీసి చూశాడు. మిమ్మల్ని చూడాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను, ఆదివారం తిరుపతికి తప్పక రండి. ఎవరు వీడు అని అడిగితే, వ్యాసం రాసే ఆయన అన్నదట. పేరేమి అంటే తెలియదన్నదట. ఏ ఊరంటే తెలియదన్నదట. పేరూ ఊరూ తెలియని మగమనిషితో నెలల నుంచి మాటలేమిటని ఇంట్లో గోల. ఫోను తీసేసుకున్నారు. ఇంక ఆ రాతా గీతా వద్దని కొడుకు అన్నాడు. పెద్దాయన మాత్రం, ఒకరి మాట మీద తీర్పు చెప్పకూడదు, ఆ మనిషిని కూడా చూసి వద్దామని బయలుదేరదీశాడు.

పెద్దామె తన సంచీ టేబుల్ మీద పెట్టింది. అందులో బేనిషా మామిడిపండ్లు ఉన్నాయి. తగాదాకు వచ్చినా చేతులూపుకుంటూ ఎవరింటికీ వెళ్ళరు మా వైపు. పండ్లు ఇచ్చి, నా మొహం వైపు చూసి, "మా పిల్లతో ఏం మాట్లాడినావు నాయనా ఇన్ని దినాలు? దాచకుండా చెప్పు," అంది.

చెప్పడం కంటే చూపించడం నాకు తేలిక. ఆ విజ్ఞాన సర్వస్వంలో ఎవరు ఏ అక్షరం మార్చినా అది చరిత్రలో ఉండిపోతుంది. కొట్టేసినా ఉంటుంది. ఆ సంగతి చెప్పి, మేమిద్దరం మాట్లాడుకున్నదంతా ఇందులోనే ఉంది, దీని బయట ఒక్క మాట కూడా లేదు, మొదటి నుంచి చదువుదాం అన్నాను. చర్చా పేజీ గోడ మీద వేశాను.

చదివింది కొడుకు. మొదట గబగబా చదివాడు, దొంగను పట్టేవాడిలా. వాతావరణం పట్టిక మీద వాదన. పాత కంటోన్మెంటు ఎక్కడ మొదలవుతుందన్న వాదన. ఒక చెరువు పేరుకు రెండు పుస్తకాల్లో రెండు కథలుంటే ఏది వాడాలన్న వాదన, అది ఎంతకీ తెగదు. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని వింటున్నాడు. కొంతసేపటికి పెద్దామె మధ్యలో ఆపి, ఇదంతా రాస్తే ఏమన్నా ఇస్తారా అని అడిగింది. ఇవ్వరన్నాను.

"మరి ఎందుకు రాసేది?"

నన్నెవరూ అడగలేదు ఆ ప్రశ్న. మా అమ్మ కూడా రోగమని ఊరుకుంది.

పూల సంత దగ్గరికి వచ్చేసరికి కొడుకు వేగం తగ్గింది. నేను చూశాను, చూసింది మూలం కాదు సార్, తెలుసు, అందుకే వ్యాసంలో పెట్టలేదు. ఆ మూడు వరుసలూ చదివి ఆగాడు. ఆ తర్వాత కోడలు ఒక చెరువు గురించి రాసిన జాబు పెద్దది, గట్టు మీద చింతచెట్లు ఎటువైపు వంగి ఉండేవో దాకా ఉంది. అతను దాన్ని పైకి చదవలేదు, కళ్ళతోనే చదివాడు.

"ఇంట్లో ఇన్ని మాటలు మాట్లాడదు," అన్నాడు. నాతో కాదు, ఎవరితోనూ కాదు.

నేను తల దించుకున్నాను. నా వైపు నుంచి తప్పేమీ లేదని నిరూపించుకునే హడావుడిలో, ఒక మనిషి తన ఇంట్లో అనలేని మాటలన్నీ ఆమె ఇంటివాళ్ళ ముందు గోడంత చేసి చూపిస్తున్నానని అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

సరిగ్గా అప్పుడే గోడ మీద, పేజీ పైభాగాన, ఎర్ర చుక్క వెలిగింది. నాకు ఎవరో కొత్తగా జాబు రాశారని దాని అర్థం. ఎర్ర చుక్క కనబడితే నా చెయ్యి ఊరుకోదు, నొక్కేశాను. పిట్ట పేరు. రాసింది ఇప్పుడే. నలుగురం గోడ వైపు చూస్తూ ఉండగా ఆ జాబు తెరుచుకుంది.

"మా ఇంటివాళ్ళు మీ సమావేశానికి బయలుదేరారు. కంగారు పడకండి. వాళ్ళు ఏది అడిగినా చూపించండి, దాచవలసింది ఏమీ లేదు. చెరువుల విభాగం మూడో పేరాకు మూలం దొరికింది, చేర్చాను. పుట సంఖ్య ఒకసారి సరిచూడండి."

కొడుకు జేబులోంచి ఒక ఫోను తీశాడు. అది కోడలి ఫోనే, ఆరిపోయి ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పెద్దాయన తన భార్య వైపు తిరిగాడు.

"నీ ఫోను యాడ?"

ఆమె సంచీలో చెయ్యి పెట్టబోయి ఆగింది. "చార్జింగులో పెట్టి వచ్చినా," అంది.

పెద్దాయన నవ్వాడు. ముందు పెదాల్లో, తర్వాత భుజాలు కదిలేలా. ఆ నవ్వుకు ఆమె కూడా కొంగు చాటున నవ్వింది. కొడుకు నవ్వలేదు గానీ ఫోను జేబులో పెట్టకుండా టేబుల్ మీద, పండ్ల సంచీ పక్కన పెట్టాడు. గండం గడిచిందనుకున్నాను. సమోసాలు ముందుకు జరిపాను. పెద్దాయన ఒకటి తీసుకున్నాడు కూడా.

తింటూ అడిగాడు, కోడలు రాయకపోతే ఈ వ్యాసం ఏమవుతుందని. ఆగిపోతుందని చెప్పాను. నువ్వు రాయకపోతే? పట్టికలు వేసేవాళ్ళు ఎవరో ఒకరు దొరుకుతారని నిజమే చెప్పాను. ఆయన చేతులు తుడుచుకున్నాడు.

"అట్లయితే ఇనప్పా. ఫోను ఇచ్చేస్తాం. ఆ పిల్ల రాసుకోనీ, మేమేమీ అనం. నువ్వు మాత్రం ఆ పక్కకు రావద్దు. ఆ పేజీలో నువ్వు అక్షరం ముట్టకూడదు, ఆమెకు జాబు రాయకూడదు."

తప్పుగా విన్నానేమో అనుకున్నాను. ఇప్పుడే కదా నవ్వాడు. ఇప్పుడే కదా నా సమోసా తిన్నాడు.

"ఇంతసేపు చూశారు కదా పెద్దాయనా, ఇందులో తప్పేముంది?"

"ఏమీ లేదు. ఉంటే కోపం చేసుకోని పోయుందును, నీతో బేరం యాల? సూడు, మా వాడికి తెలిసిపోయినాది, మాకు తెలిసిపోయినాది. మా ఊరికి ఎట్ల తెలుస్తాది? ఆ పిల్లకు తిరపతిలో ఒగడు జాబులు రాస్తాడని మా అన్నదమ్ములిండ్లలో ఈపాటికే అనుకుంటా ఉండారు. మీ కాడ మాట నిలబడాలంటే మూలం కావాలని ఇప్పుడే సదివినాడు కదా మా వాడు. ఊళ్ళో ఎవరూ మూలం అడగరప్పా."

నేను కొడుకు వైపు చూశాను. అతను గోడ వైపు చూస్తున్నాడు. పెద్దామె నా వైపు చూసి, ఒప్పుకో నాయనా అన్నట్టు తల ఊపింది.

లాభనష్టాలు రెండు వరుసల్లో వేసుకోవడం నాకు అలవాటు. వేసుకునేందుకు పెద్దగా ఏమీ లేదు. నేనుంటే ఆమె రాత ఆగుతుంది, నేను పోతే సాగుతుంది. సరే అన్నాను. మాట ఇమ్మన్నాడు, చెయ్యి పట్టుకుని ఇచ్చాను. పొద్దున అదే చెయ్యి పట్టుకుని ఎన్నో అన్నాను. మెట్లు దిగుతూ పెద్దాయన, పెళ్ళయిందా అని అడిగాడు. ఇంకా లేదంటే, అయినాక భార్యను తీసుకుని మా తోటకు రా, కాయలు కోసుకుపోదువు అన్నాడు. వాళ్ళు పోయాక ప్రొజెక్టరు ఆపడానికి నాకు చాలాసేపు చేతులు రాలేదు. ఇంత పెద్ద పనిని నేను ఇంత తేలిగ్గా ఇచ్చేశానన్నది నమ్మబుద్ధి కాలేదు.

పెద్దాయన మాట తప్పలేదు. ఆ వారంలోనే ఆమె రాత మళ్ళీ మొదలైంది. మిగిలిన పేరాలకు మూలాలు వచ్చాయి. ఎవరో ఒక కొత్తాయన పట్టికలు చూసుకున్నాడు. బెంగళూరు వ్యాసం మొదటి పేజీకి ఎక్కింది. నేను ఓటు కూడా వేయలేదు. వేస్తే ఆ పేజీలో అక్షరం ముట్టినట్టే కదా.

అంతా సవ్యంగా జరిగిందనే అనుకున్నాను, చర్చా పేజీలో ఆమె అడిగిన ప్రశ్న చూసేదాకా. "పట్టికలు చూసేవారు ఈ మధ్య కనబడటం లేదు. ఆరోగ్యం బాగుందా? ఎవరికైనా తెలిస్తే చెప్పగలరు."

చదివి, మళ్ళీ చదివాను. ఆమెకు వాళ్ళు చెప్పలేదు. ఫోను చేతికిచ్చి రాసుకోమన్నారు, ఏ షరతు మీద ఇచ్చారో చెప్పలేదు. వాళ్ళు చెబుతారని నేను అనుకున్నాను. పెద్దాయన నా దగ్గర మాట తీసుకునేటప్పుడు, మరి ఆమెకు ఎవరు చెబుతారని నేను అడగనేలేదు. ఇన్ని తప్పులు పట్టే నా కంటికి ఈ ఖాళీ గడి కనబడలేదు. కింద ఎవరో, పనుల ఒత్తిడేమో అని జవాబిచ్చారు. కానీ ఒత్తిడి కాదని ఎవరైనా చూసుకోవచ్చు. నేను ఆ రోజుల్లోనే నగరి వ్యాసం దిద్దుతున్నాను, సూళ్లూరుపేట వ్యాసానికి రైళ్ళ పట్టిక వేస్తున్నాను. నా పేరు నొక్కితే అంతా వరసగా కనబడుతుంది. మనిషి బాగానే ఉన్నాడు, రోజూ రాస్తున్నాడు, బెంగళూరు వైపు మాత్రం రావడం లేదు. ఆమె నొక్కి చూసే ఉంటుంది.

ఆ తర్వాత ఆమె ఇంక అడగలేదు. ఒక సాయంత్రం ఫ్యాక్టరీ బస్సులో కూర్చుని ఫోను చూస్తుంటే బెంగళూరు వ్యాసంలో ఒక మార్పు కనబడింది. పట్టికలో మార్పు. పట్టికలు ఆమె ఎప్పుడూ ముట్టుకోదు. చెరువుల విస్తీర్ణం పట్టిక నేను వేసిందే. అందులో ఒక చెరువు పక్కన ఎకరాలు అన్న మాట పోయి హెక్టార్లు అని ఉంది. అంకె అదే. ఒక్క మాటతో ఆ చెరువు రెండింతలు దాటి పెరిగిపోయింది. టేపు పట్టుకుని గట్లు కొలిచిన మనిషి చేసే తప్పు కాదది. నాకు అది ఎందుకో వెంటనే అర్థమైంది. ఆ తప్పు చూసి ఊరుకోలేని మనిషి ప్రపంచంలో ఒక్కడే ఉన్నాడని ఆమెకు తెలుసు.

రద్దు చేయడానికి ఒక్క నొక్కు చాలు. వేలు దాని మీదికి వెళ్ళింది కూడా. నొక్కితే మాట తప్పినట్టు. నొక్కకపోతే ఆమెకు నా జవాబు అదే అవుతుంది. బస్సు రేణిగుంట దాటింది, తిరుపతి వచ్చింది, అందరూ దిగారు. ఫోను జేబులో పెట్టుకుని నేనూ దిగాను.

కొత్తగా పట్టికలు చూసే ఆయనకు అది కనబడలేదు. ఇంకెవరికీ కనబడలేదు. కొన్నాళ్ళు ఆ తప్పు అక్కడే ఉంది. నేను రోజూ వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. తర్వాత ఒక రోజు హెక్టార్లు పోయి మళ్ళీ ఎకరాలు వచ్చింది. మార్చింది ఆమే. పక్కన చిన్న గడిలో ఇలా రాసింది: "నేను వేసిన తప్పే, నేనే సరిచేశాను. ఇక్కడ ఎవరూ చూడటం లేదని తెలిసింది."